హైవే మీద హెవీ డ్యూటీ ట్రక్కులు: డీజిల్‌కి ఎంత మైలేజీ వస్తోంది, గ్యాస్‌కి (ఇక్కడ పెట్రోల్‌నే గ్యాస్ అంటాం) ఎంత? మీ లెక్కలు పెట్టండి

ఫ్రిస్కో_రైతు:
అందరికీ నమస్తే. డాలస్‌కి ఉత్తరాన కొంచెం పొలం తీసుకున్నాం, మేకలు, చిన్న ట్రాక్టర్, గడ్డి బేళ్లు, వీటికి ఇప్పుడున్న హాఫ్ టన్ ట్రక్కు (తేలిక రకం పికప్) చాలట్లేదు. రామ్, సిల్వరాడోల్లో 2500 గానీ ఫోర్డ్ ఎఫ్-250 గానీ, అంటే ఇంకా బలమైన పికప్, కొందామని షోరూంల చుట్టూ తిరుగుతున్నా. అద్దానికి అంటించిన స్టిక్కర్ మీద ధర, ఆప్షన్లు అన్నీ ఉన్నాయి, ఎంపీజీ (గాలన్‌కి మైళ్లు) ఒక్కటే లేదు. సేల్స్ అతన్ని అడిగితే 20 ఇస్తుంది అన్నాడు, ఖాళీగానా ట్రైలర్‌తోనా, గంటకి 60 మైళ్లలోనా 80లోనా అని అడిగితే మాట మార్చేశాడు. మా వాడకం ఇదీ: వారాంతాల్లో హైవే, అప్పుడప్పుడు ట్రైలర్, ఏడాదికోసారి పిల్లల్ని తీసుకుని ట్రావెల్ ట్రైలర్‌తో (వెనక కట్టుకునే ఇల్లులాంటి డబ్బా) కొలరాడో. డీజిల్ ఇంజన్‌కి ఇంచుమించు 10 వేల డాలర్లు అదనం. వాడుతున్నవాళ్లు మీ నంబర్లు చెప్పండి, డాష్ మీద కనపడేది కాదు, బంకు దగ్గర మీరు చేతితో వేసుకున్న లెక్క.

కమిన్స్_బాబాయ్:
స్టిక్కర్ మీద ఎందుకు లేదంటే, 8,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ (లోడుతో సహా బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు) దాటిన పికప్‌లకి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) మైలేజీ లేబుల్ పెట్టాలన్న రూలు లేదు. 2500లన్నీ దాదాపు 10 వేల పౌండ్ల దగ్గరుంటాయి కాబట్టి మనలాంటివాళ్ల లెక్కలే దిక్కు.
నాది రామ్ 2500, 6.7 కమిన్స్, 4x4, వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి 3.73. ఖాళీగా 65లో క్రూయిజ్ పెట్టి వదిలేస్తే 19-20 వస్తుంది. 75లో 17. ఐ-20 మీద మిడ్‌ల్యాండ్ దాటాక 80 బోర్డు చూసి అందరితో పాటు 80 కొడితే 15 కి పడిపోతుంది. అదే ట్రక్కు, అదే డీజిల్, అదే మనిషి. 30 అడుగుల ట్రావెల్ ట్రైలర్ కడితే 65లో 10-11, పడమర నుంచి ఎదురుగాలి కొడితే 8. డీజిలా గ్యాసా అన్నది తర్వాత, ముందు నువ్వు ఎంత స్పీడులో పోతావో తేల్చుకో తమ్ముడూ.

తెనాలి_లారీ:
అన్నా, మా లెక్కలో చెప్పండి. 18 ఎంపీజీ అంటే లీటరుకి ఎంత? మాకు పది టైర్ల బండి లోడుతో నాలుగు దాటితే సంతోషం.

కమిన్స్_బాబాయ్:
ఎంపీజీని 0.425 తో గుణించు తమ్ముడూ. 18 అంటే లీటరుకి 7.6 కిలోమీటర్లు, ట్రైలర్‌తో 10 అంటే నాలుగుంపావు. ఇక్కడి గాలన్ 3.785 లీటర్లు.

వరంగల్_టు_టెక్సస్:
నాది గ్యాస్. ఎఫ్-250, 7.3 వీ8, 10 స్పీడ్, యాక్సిల్ 4.30. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న, ఖాళీగ 75ల 13, 65ల పోతే 14.5. మా దోస్తుకు గదే ఇంజన్ 3.55 యాక్సిల్‌తోని ఉన్నది, ఆయనకు 15 దాక వస్తది. ట్రైలర్ కడితే మాత్రం ఇద్దరిదీ ఒకటే కథ, 7 నుంచి 8.5.
మైలేజీ కన్న నన్ను ఎక్కువ సతాయించేది ట్యాంకు. 34 గాలన్లు, 8 ఎంపీజీ, లెక్కకు 270 మైళ్లు, కాని ఖాళీ అయ్యేదాక ఎవడు పోతడు, 200 కాంగనే బంకు కోసం చూసుడే. వెనక 30 అడుగుల డబ్బా కట్టుకుని చిన్న ఊర్ల గ్యాస్ బంకుల జొరబడి మల్లా బయటకి రావాలంటే చెమటలు పడ్తయి. డీజిలోళ్లు సక్కగ ట్రక్ స్టాపుల లారీల లైన్లకు పోతరు, ఎదురుంగ రోడ్డు ఖాళీ, డెఫ్ (డీజిల్ పొగను శుభ్రం చేసే ద్రవం) గుడ అక్కడనే కొట్టించుకుంటరు. కాంపింగ్‌కు ఎక్కువ పోయేటోళ్లు ముందుగాల ఇది సోచాయించాలె.
ఇంజన్ మీద మాత్రం నాకు ఏ రంధీ లేదు. ఆయిల్ మారుస్త, పెట్రోల్ పోస్త, గంతే.

థర్మో_మాస్టారు:
నేను ఇంజన్ టెస్టింగ్‌లో పనిచేస్తాను, తేడా ఎక్కణ్నుంచి వస్తుందో చెబుతాను. ఒక గాలన్ డీజిల్‌లో సుమారు 137 వేల బీటీయూల శక్తి ఉంటుంది, పది శాతం ఇథనాల్ కలిసిన మామూలు పెట్రోల్‌లో 120 వేలు. అంటే ఇంజన్ గొప్పదనం ఏమీ లేకుండానే గాలన్ లెక్కలో డీజిల్‌కి 14 శాతం దాకా ముందే కలిసొచ్చింది. ఆ పైన కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే నిష్పత్తి): డీజిల్‌కి 16:1 దగ్గర, ఈ పెద్ద గ్యాస్ వీ8లకి 10:1 చుట్టుపక్కల. మూడోది, డీజిల్ ఇంజన్ గాలిని థ్రాటిల్‌తో (గాలి దారిని మూసే రేకు) బిగించి పవర్ తగ్గించదు, ఇంధనాన్ని మాత్రమే తగ్గిస్తుంది. ఖాళీ ట్రక్కుతో మెల్లగా పోయేటప్పుడు గ్యాస్ ఇంజన్ సగం మూసిన థ్రాటిల్ గుండా గాలి పీల్చడానికే కొంత శక్తి ఖర్చు పెడుతుంది.
ట్రైలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకో తేడా. 7.3 గ్యాస్‌కి టార్క్ (తిప్పే బలం) మోడల్ ఏడాదిని బట్టి 475-485 పౌండ్-అడుగులు ఉన్నా అది 4,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, 6.7 పవర్ స్ట్రోక్‌కి 1,050 టార్క్ 1,600 దగ్గరే వచ్చేస్తుంది. అందుకే గ్యాస్ ట్రక్కు రెండు మూడు గేర్లు కిందికి దిగి అరుస్తుంది, ఇంజన్ చల్లగా ఉంచడానికి మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువ పోసుకుంటుంది.
బాబాయ్ గారు స్పీడు గురించి అన్నది అక్షరాలా నిజం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, 65 నుంచి 80కి పోతే ఒకటిన్నర రెట్లు. ఇంత ఎత్తు, ఇంత వెడల్పు ముఖం ఉన్న బండికి హైవే మీద అసలు ఖర్చంతా అక్కడే.

మంచుదేశం_మనిషి:
మిన్నెసోటా నుంచి. టెక్సస్ వాళ్ల నంబర్లు చూసి ఉత్తరాది వాళ్లు మోసపోవద్దు. చలికాలం ఇక్కడ బంకుల్లో గడ్డకట్టకుండా పలచటి డీజిల్ కలుపుతారు, అందులో శక్తి తక్కువ, దానికి తోడు పొద్దున ఇంజన్ వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, నాకు ఎండాకాలం 18 వచ్చే రూట్లో జనవరిలో 16 వస్తే గొప్ప. రాత్రి బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టి ఉంచితే కొంత నయం. ఇంకా రీజెన్. డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి నిండినప్పుడు దాన్ని కాల్చడానికి బండి తనంతట తానే అదనంగా డీజిల్ పోస్తుంది, ఆ ఇరవై నిమిషాలు మీటరు చూస్తే 18 కాస్తా 13కి దిగుతుంది. హైవే మీద పోయేవాళ్లకి అరుదుగా వచ్చి పోతుంది. పిల్లల్ని స్కూల్లో దింపి పాలు తెచ్చుకునే బండికైతే ఫిల్టర్ ఎప్పుడూ పూర్తిగా కాలదు, మళ్లీ మళ్లీ రీజెన్‌కి పోతుంది. ఊళ్లో చిన్న దూరాలకే అయితే డీజిల్ కొనొద్దని గట్టిగా చెబుతా.

కొండల్లో_డ్యూరామ్యాక్స్:
డెన్వర్ నుంచి, కొలరాడో అన్నారు కాబట్టి రాస్తున్నా. సిల్వరాడో 2500హెచ్‌డీ, 6.6 డ్యూరామ్యాక్స్. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగుల పైన ఉంటుంది. టర్బో లేని ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం పవర్ పోతుంది, అంటే టన్నెల్ దగ్గర మీ గ్యాస్ వీ8లో మూడో వంతు మాయం. అందుకే ఎక్కేటప్పుడు గ్యాస్ ట్రక్కులు కుడి లేన్‌లో ఫ్లాషర్లు వేసుకుని 40లో వస్తుంటాయి. డీజిల్‌కి టర్బో ఉంది కాబట్టి ఆ బాధ చాలా తక్కువ. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని బిగించి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) ఒక్కటే చాలు, దాదాపు బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగుతా, మైలేజీకి సంబంధం లేకపోయినా పిల్లలు వెనక ఉన్నప్పుడు ఇది నాకు ఎంపీజీ కన్నా ముఖ్యం.
ఇంకో సంగతి చాలామందికి తెలియదు, ఎత్తైన చోట చదునుగా పోతుంటే మైలేజీ పెరుగుతుంది. గాలి పలచన కాబట్టి నిరోధం తక్కువ. ఖాళీగా 65-70లో ఇక్కడ నాకు 20 దాటింది, అదే బండి హ్యూస్టన్ వెళ్తే అంత రాదు.

ఫ్రిస్కో_రైతు:
అందరికీ థాంక్స్ అండీ, సేల్స్ వాళ్ల దగ్గర దొరకని విషయాలు ఇక్కడ దొరుకుతున్నాయి. అయితే డీజిల్ రేటు ఎక్కువ కదా, మైలుకి డబ్బుల్లో చూస్తే ఎలా?

థర్మో_మాస్టారు:
మంచి ప్రశ్న, ఎంపీజీ పోల్చడం కన్నా ఇదే పోల్చాలి. పెట్రోల్ గాలన్ 2.90, డీజిల్ 3.70 డాలర్లు అనుకుందాం, మీ ఊరి రేట్లు వేసుకోండి. ఖాళీగా డీజిల్ 18 ఇస్తే మైలుకి 20.6 సెంట్లు, గ్యాస్ 14.5 ఇస్తే 20 సెంట్లు. అంటే ఖాళీగా తిరిగినంతసేపూ డీజిల్‌కి మిగిలేదేమీ లేదు. ట్రైలర్‌తో డీజిల్ 10.5కి 35.2 సెంట్లు, గ్యాస్ 7.5కి 38.7 సెంట్లు, మైలుకి మూడున్నర సెంట్లు మిగులు. ఏడాదికి 10 వేల మైళ్లు ట్రైలర్‌తోనే తిరిగినా 350 డాలర్లు, అందులో డెఫ్ ఖర్చు, ఫ్యూయల్ ఫిల్టర్లు, 10-13 క్వార్టుల ఆయిల్ తీసేయాలి. ఆ 10 వేలు ఇంధనంలో తిరిగి రావాలంటే ట్రక్కు ముసలిదైపోతుంది. అమ్మేటప్పుడు డీజిల్‌కి రేటు ఎక్కువ పలుకుతుంది, అది వేరే లెక్క. రోజూ బరువు లాగి బతికేవాళ్లకి డీజిల్. మిగతావాళ్లు కొండల కోసం, రేంజి కోసం కొనుక్కోవచ్చు, పొదుపు కోసం అని మాత్రం అనుకోవద్దు.

కమిన్స్_బాబాయ్:
నేను డీజిల్ మనిషినే అయినా మాస్టారి లెక్కని కాదనలేను. పేలోడ్ (బండి మీద మోయగల బరువు) గురించి కూడా చెప్పాలి. డీజిల్ ఇంజన్ గ్యాస్ ఇంజన్ కన్నా కొన్ని వందల పౌండ్లు బరువు, 2500లో జీవీడబ్ల్యూఆర్ మాత్రం 10 వేల దగ్గరే ఆగుతుంది, ఆ బరువంతా నీ పేలోడ్‌లోంచే పోతుంది. ఫిఫ్త్ వీల్ (ట్రక్కు బెడ్ మీద బరువు మోపే పెద్ద ట్రైలర్) పెట్టే ఆలోచన ఉంటే డ్రైవర్ డోర్ తీసి అక్కడి పసుపు స్టిక్కర్ చదివి కొను.

మేకల_మందలో:
వేకో దగ్గర్నుంచి. ట్రైలర్‌తో అని అందరూ ఒకే నంబర్ చెప్తున్నారు, అది ఏ ట్రైలర్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా 6.6 గ్యాస్ సిల్వరాడోతో ఫ్లాట్‌బెడ్ మీద ట్రాక్టరు, దాని లోడరు బకెట్ కిందికి దించి, గొలుసులు బిగించి 65లో తెస్తే 11 వచ్చింది. దానికన్నా తేలికైన ట్రావెల్ ట్రైలర్ కడితే 8 దాటలేదు. చదును రోడ్డు మీద బరువు పెద్దగా తినదు, ఎత్తుగా గోడలాగ నిలబడే ముఖమే తింటుంది. గుండ్రటి గడ్డి బేళ్లు రెండు వరసలు పేరిస్తే ట్రావెల్ ట్రైలర్‌తో సమానం, ఒక వరస అయితే చాలా తేడా. మీకు పొలం పనే ఎక్కువ కాబట్టి గ్యాస్ హాయిగా సరిపోతుంది.
టైర్లు కూడా చూసుకోండి. లిఫ్ట్ చేసి 35 అంగుళాల మట్టి టైర్లు వేస్తే మైలేజీ ఎటూ పోతుంది, ఓడోమీటరు కూడా తప్పు చూపిస్తుంది, చక్రం పెద్దదైంది కాబట్టి నిజంగా తిరిగిన మైళ్ల కన్నా తక్కువ చూపిస్తుంది. ఇంటర్‌స్టేట్ పక్కన మైలు రాళ్లతో పోల్చి సరిచేసుకుని అప్పుడు లెక్క వేయాలి.

వరంగల్_టు_టెక్సస్:
లెక్కేసేటోళ్లు పోయినసారి కొట్టించిన బంకులనే, అదే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి టక్కుమనంగనే ఆపాలె. కుక్కి కుక్కి నింపితే ఒకసారి 16, ఇంకోసారి 12 వస్తది. నా డాష్ అయితే ఎప్పటికీ ఒకటి ఎక్కువనే చూపిస్తది.

ఫ్రిస్కో_రైతు:
సరే, గ్యాస్ వైపే మొగ్గుతున్నా. కొలరాడోకి ఏడాదికోసారే కాబట్టి కుడి లేన్‌లో మెల్లగా ఎక్కుతాను, ఆ డబ్బుతో మంచి ఫ్లాట్‌బెడ్ వస్తుంది. మా ట్రైలర్ కట్టి నడిపి చూస్తానంటే ఒక షోరూం వాళ్లు శనివారం రమ్మన్నారు. వాళ్ల దగ్గర 6.6 గ్యాస్ 10 స్పీడ్‌ది ఉంది. డెంటన్ దాకా 65లో వెళ్లి, 75లో తిరిగొచ్చి రెండు నంబర్లూ ఇక్కడ పెడతా.

మేకల_మందలో:
ఆ రోజు గాలి ఎటు నుంచి వీస్తోందో కూడా రాయండి. వెళ్లేటప్పుడు ఉత్తరపు గాలి ఉంటే మీ 65 నంబరూ 75 నంబరూ ఒకటే వస్తాయి. కుదిరితే రెండు స్పీడులకీ రెండు దిక్కులూ తిరిగి సగటు తీయండి.