అప్‌డేట్: టెక్సాస్‌లో సొంత స్థలంలో ఉన్న మాన్యుఫాక్చర్డ్ ఇల్లు అమ్మకం

డాలస్ దగ్గర మాన్యుఫాక్చర్డ్ ఇంటిని (ఫ్యాక్టరీలో కట్టి, తెచ్చి నిలబెట్టే ఇల్లు) స్థలంతో సహా అమ్మితే ఇంటికీ విలువ కడతారా, నేలకేనా అని అడిగాను కదా. రెండింటికీ కట్టారు, కాకపోతే కాగితాలు తేలాకే. టెక్సాస్‌లో ఇలాంటి ఇల్లు మామూలుగా చరాస్తి కింద లెక్క. ఓనర్‌షిప్ స్టేట్‌మెంట్‌లో, అంటే ఇల్లు ఎవరిదో చెప్పే రాష్ట్ర ప్రభుత్వ పత్రంలో, స్థిరాస్తిగా మార్పించి, స్థానిక రికార్డులు చూసే కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయించాక గానీ కొనేవాళ్ల బ్యాంకు కదల్లేదు. పునాది శాశ్వతమైనదేనని ఇంజినీర్ సర్టిఫికెట్ కూడా అడిగారు.

విలువ కట్టే అప్రైజర్ రాగానే చూసింది గదులు కాదు, బయట గోడకున్న చిన్న ఎర్ర రేకు. 1976 జూన్ 15 నుంచి అమల్లో ఉన్న హడ్ (అమెరికా కేంద్ర గృహనిర్మాణ శాఖ) ప్రమాణాల ప్రకారం కట్టిన ఇల్లని దానర్థం. ఆ తర్వాత వంటగది అల్మరా తలుపు తీసి డేటా ప్లేట్‌ను (ఇంటి తయారీ వివరాలుండే పత్రం) ఫొటో తీసుకున్నాడు. మేం ముచ్చటపడి వేయించిన కొత్త ఫ్లోరింగ్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు, అది వేరే బాధ! వచ్చే వారం క్లోజింగ్, అంటే సంతకాలు చేసి అమ్మకం పూర్తి చేయడం.