వీట్‌తో కట్టిన రియాక్ట్ సైట్: గిట్‌హబ్ పేజెస్‌లో తెల్ల పేజీ, రిఫ్రెష్ కొడితే 404. ఇక్కడే ఉంచాలా, మార్చాలా?

పుస్తకాలపురుగు (ప్రశ్న)

గ్రంథాలయం పుస్తకాల జాబితా చూపించే సైట్. వీట్ (కోడ్‌ని బిల్డ్ చేసే పనిముట్టు), రియాక్ట్ (పేజీలు తయారుచేసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ), రియాక్ట్ రౌటర్ (అడ్రస్‌ని బట్టి పేజీ మార్చేది). బ్యాకెండ్ (సర్వర్ వైపు ప్రోగ్రామ్) లేదు, డేటా అంతా పబ్లిక్ ఫోల్డర్‌లో ఒక జేసన్ (డేటా రాసే టెక్స్ట్) ఫైల్. మొత్తం 40 ఎంబీ, ఎక్కువ భాగం ముఖచిత్రాలే. లాప్‌టాప్‌లో డెవ్ సర్వర్ మీద అంతా బాగుంది. గిట్‌హబ్ పేజెస్‌లో (గిట్‌హబ్ వాళ్ల సైట్ హోస్టింగ్) పెట్టాక వస్తున్న తలనొప్పులు:

1. మొదట తెల్ల పేజీ. బ్రౌజర్ కన్సోల్‌లో (తప్పులు చూపే చోటు) అసెట్స్ ఫోల్డర్ ఫైళ్లన్నిటికీ 404 (ఫైల్ దొరకలేదు).
2. వీట్ కాన్ఫిగ్‌లో బేస్‌ని (డొమైన్ తర్వాత సైట్ ఉన్న దారి) "./" అని మార్చి, రౌటర్‌కి అదే దారిని బేస్‌నేమ్‌గా ఇస్తే హోమ్ పేజీ వచ్చింది. కానీ ఏదైనా పుస్తకం పేజీలో రిఫ్రెష్ కొడితే మళ్లీ 404.
3. కొన్ని ముఖచిత్రాలు రావట్లేదు. లాప్‌టాప్‌లో మాత్రం అన్నీ వస్తున్నాయి.

సొంత డొమైన్ ఉంది, తర్వాత తగిలించాలి. నెట్లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, ఎస్3 (అమెజాన్ ఫైల్ నిల్వ) అనే హోస్ట్‌లలో దేనికైనా మారిపోతే మంచిదా? హోస్టింగ్‌కి డబ్బు పెట్టే వీలు లేదు.

బిల్డ్_బాబాయ్

మారినా 2, 3 మీ వెంటే రావచ్చు. ముందు ఇక్కడే సరిచేసుకోండి.

మొదటిది. వీట్‌లో బేస్ ఏమీ ఇవ్వకపోతే "/" అనుకుంటుంది. అంటే బిల్డ్ అయిన ఇండెక్స్ ఫైల్ అసెట్స్‌ని డొమైన్ మొదట్లో వెతుకుతుంది. మీ సైట్ ఉన్నదేమో డొమైన్ తర్వాత రెపో (గిట్‌హబ్‌లో మీ కోడ్ ఉన్న చోటు) పేరు కింద. కాబట్టి బేస్ "/రెపోపేరు/" అని ఉండాలి, రెండు వైపులా స్లాష్ తప్పనిసరి. "./" పెట్టడం అప్పటికి గట్టెక్కించే పని. లోపలి పేజీ నుంచి సైట్ తెరుచుకుంటే బ్రౌజర్ ఆ పేజీ ఉన్న దారిలోనే అసెట్స్‌ని వెతుకుతుంది. అక్కడ ఏముంటాయి? మళ్లీ తెల్ల పేజీ.

రౌటర్ బేస్‌నేమ్‌ని చేత్తో రాయకుండా ఇంపోర్ట్.మెటా.ఎన్వ్.బేస్_యూఆర్ఎల్ (వీట్ తనే బేస్ నింపే విలువ) ఇవ్వండి. జేసన్ ఫైల్ ఫెచ్ చేసే చోట, చిత్రాల దారి రాసే చోట కూడా ముందు అదే తగిలించండి. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లలో ఉన్న దారుల్ని, ఇంపోర్ట్ చేసిన ఫైళ్లని వీట్ తనే సరిచేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు స్ట్రింగ్‌గా రాసిన "/కవర్స్/..." లాంటివాటి జోలికి మాత్రం పోదు.

సెట్టింగ్స్, పేజెస్, సోర్స్ దగ్గర "గిట్‌హబ్ యాక్షన్స్" (తనే బిల్డ్ చేసి ఎక్కించేది) ఎంచుకున్నారో లేదో కూడా చూడండి. అక్కడ మెయిన్ బ్రాంచ్ ఉంటే బిల్డ్ కాని కోడ్‌నే వడ్డిస్తుంది. కన్సోల్‌లో మెయిన్.జేఎస్ఎక్స్ పేరు కనబడిందంటే అదే గుర్తు.

రెండోది. స్టాటిక్ హోస్ట్‌కి తెలిసింది ఫైళ్లు మాత్రమే. "పుస్తకం/125" అనే ఫైల్ డిస్ట్ (బిల్డ్ ఫలితం ఉండే) ఫోల్డర్‌లో లేదు, కాబట్టి 404. హోమ్ నుంచి నొక్కుతూ వెళ్తే పనిచేసేది సర్వర్ దాకా వెళ్లకుండా రౌటరే పేజీ మార్చేస్తుంది కాబట్టి. గిట్‌హబ్ పేజెస్‌లో దారి మళ్లించే నియమాలు రాయడానికి వీల్లేదు. బిల్డ్ అయ్యాక డిస్ట్‌లోని ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్‌ని అక్కడే 404.హెచ్‌టీఎంఎల్ పేరుతో కాపీ చేయండి, లేని దారి అడిగితే గిట్‌హబ్ ఆ ఫైల్‌నే ఇస్తుంది. బిల్డ్ స్క్రిప్ట్ చివర ఒక్క కాపీ కమాండ్ చాలు.

దీన్ని పరీక్షించడానికి వీట్ ప్రివ్యూని (బిల్డ్‌ని లాప్‌టాప్‌లో చూపే కమాండ్) నమ్మకండి. లేని పేజీ అడిగినా తనే ఇండెక్స్ ఇచ్చేసి రోగాన్ని దాచేస్తుంది. డిస్ట్‌ని రెపో పేరున్న ఫోల్డర్‌గా కాపీ చేసి, దాని పై ఫోల్డర్‌లో పైథాన్ హెచ్‌టీటీపీ సర్వర్ నడపండి. బేస్, దారులు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. 404 ఫైల్‌ని వాడుకోవడం దానికి తెలియదు, కాబట్టి ఆ ఒక్కటి ఎక్కించాకే చూడాలి.

నైట్‌షిఫ్ట్

ఇంత దేనికి బ్రో, హ్యాష్ రౌటర్ (పేజీ దారిని # తర్వాత పెట్టేది) పెట్టేస్తే అయిపోదా? అడ్రస్‌లో # తర్వాతది సర్వర్‌కి వెళ్లదు. 404 ఫైలూ అక్కర్లేదు, బేస్‌నేమూ అక్కర్లేదు.

బిల్డ్_బాబాయ్

ఆఫీసు లోపలి పనికైతే సరే. ఇది పుస్తకాల జాబితా, పుస్తకం పేరు గూగుల్‌లో కొడితే రావాలి కదా. # తర్వాత ఉన్నదాన్ని సెర్చ్ ఇంజన్ వేరే పేజీగా లెక్కపెట్టదు. నిజానికి నేను చెప్పిన 404 కాపీలోనూ అదే లోటు ఉంది. పేజీ కనిపిస్తుంది గానీ స్టేటస్ 404గానే వెళ్తుంది, గూగుల్ దాన్ని చేర్చుకోదు. సెర్చ్ ముఖ్యమైతే ఒక్కో పుస్తకానికీ బిల్డ్ సమయంలోనే హెచ్‌టీఎంఎల్ తయారుచేయాలి, లేదా 200 (దొరికింది) స్టేటస్‌తో ఇండెక్స్ ఇవ్వగల హోస్ట్‌కి మారాలి.

అక్షరాలమ్మ

మూడోదానికి రెండు కారణాలు ఉండొచ్చు.

ఒకటి, ఇంగ్లిష్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం. విండోస్, మ్యాక్ మామూలుగా తేడా చూడవు, గిట్‌హబ్ దగ్గరి లైనక్స్ సర్వర్ చూస్తుంది. ఎక్స్‌టెన్షన్ పెద్దక్షరాల్లో ఉన్న జేపీజీలు దొరికేది ఇక్కడే. మామూలుగా పేరు మారిస్తే విండోస్‌లో గిట్ గమనించకపోవచ్చు. గిట్ ఎంవీ కమాండ్‌తో మార్చండి.

రెండు, ఫైళ్లకి తెలుగు పేర్లు పెట్టారా? అలా అయితే ఐత్వం ఉన్నవి చూడండి. యూనికోడ్‌లో "ై" ని రెండు రకాలుగా దాచొచ్చు: ఒకే గుర్తుగా (0సి48), లేదా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తుగా (0సి46, 0సి56). కంటికి రెండూ ఒకటే, సర్వర్‌కి రెండు వేర్వేరు పేర్లు. జేసన్‌లో ఒక రకం, ఫైల్ పేరులో ఇంకో రకం ఉంటే ఎంత వెతికినా తప్పు కనబడదు. పైగా అడ్రస్‌లో ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. "పుస్తకం" అన్న చిన్న మాటే 63 అక్షరాలు! ఫైళ్లకి పుస్తకం నంబరే పేరుగా పెట్టండి, తెలుగు పేరు జేసన్‌లో ఉంటుంది.

నైట్‌షిఫ్ట్

హోస్ట్ సంగతి. గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ 1 జీబీ దాటకూడదు, బ్యాండ్‌విడ్త్ నెలకి 100 జీబీ దాకా అని మెత్తని (మరీ కచ్చితం కాని) పరిమితి. మీ 40 ఎంబీకి ధారాళం. ఉచిత ఖాతాలో రెపో పబ్లిక్‌గా ఉండాలి.

క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌కి వెళ్తే బిల్డ్ కమాండ్ మీదే, అవుట్‌పుట్ ఫోల్డర్ డిస్ట్, బేస్ మళ్లీ "/". అక్కడ మొదటి స్థాయిలో 404.హెచ్‌టీఎంఎల్ లేకపోతేనే సైట్‌ని సింగిల్ పేజ్ యాప్ (ఒకే హెచ్‌టీఎంఎల్‌తో నడిచేది) అనుకుని అన్నిటికీ ఇండెక్స్ ఇస్తుంది. బాబాయ్ చెప్పిన కాపీ వరసని బిల్డ్ స్క్రిప్ట్‌లోంచి తీసేయడం మర్చిపోయారా, మళ్లీ 404 స్టేటస్సే. ఫైళ్లు 20,000 లోపు, ఒక్కో ఫైల్ 25 ఎంబీ లోపు ఉండాలి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని నేరు డొమైన్ కావాలంటే నేమ్‌సర్వర్లు (డొమైన్ ఏ అడ్రస్‌కి వెళ్లాలో చెప్పేవి) వాళ్లకి మార్చాలి.

నెట్లిఫైలో పబ్లిక్ ఫోల్డర్‌లో _రీడైరెక్ట్స్ అనే ఫైల్ పెట్టి, అందులో "/* /ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ 200" అని ఒకే వరస రాస్తే చాలు.

ఎస్3 మీకు వద్దు. దాని వెబ్‌సైట్ అడ్రస్‌కి హెచ్‌టీటీపీఎస్ ఉండదు, ముందు క్లౌడ్‌ఫ్రంట్ (అమెజాన్ పంపిణీ సేవ) పెట్టాలి. బకెట్ (ఎస్3లో ఫైళ్లుండే చోటు) ముంబైలో ఉన్నా హైదరాబాద్ రీజియన్‌లో ఉన్నా క్లౌడ్‌ఫ్రంట్‌కి తగిలించే ఏసీఎం (అమెజాన్ సర్టిఫికెట్ సేవ) సర్టిఫికెట్ మాత్రం అమెరికాలోని నార్త్ వర్జీనియాలోనే తీసుకోవాలి. బకెట్‌ని బయటికి మూసి ఉంచితే లేని ఫైల్‌కి 404 బదులు 403 (అనుమతి లేదు) వస్తుంది, ఆ రెండింటినీ ఇండెక్స్‌కి, 200కి మళ్లించాలి. ఇంత చిన్న సైట్‌కి అంత తతంగం ఎందుకు?

బిల్డ్_బాబాయ్

గిట్‌హబ్‌లోనే ఉంటే డొమైన్ మాట: నేరు డొమైన్‌కి నాలుగు ఏ రికార్డులు (డొమైన్‌ని ఐపీ అడ్రస్‌కి కలిపేవి), 185.199.108.153 నుంచి 185.199.111.153 వరకు, చుక్కల మధ్య మూడో సంఖ్య మాత్రమే మారుతుంది. డొమైన్ తగిలించిన రోజే బేస్‌ని "/" చేయండి. అప్పుడు రెపో పేరు అడ్రస్‌లో ఉండదు, పాత బేస్ అలాగే ఉంటే మొదటి తెల్ల పేజీ తిరిగొస్తుంది.

పుస్తకాలపురుగు

బేస్, 404 కాపీ రెండూ పనిచేశాయి. బొమ్మల్లో తప్పు ఐత్వానిదే, రానివన్నీ "వైద్యం", "జైన" ఉన్నవే! ఇంకొక్కటి: కొత్త బిల్డ్ ఎక్కించాక, అప్పటికే సైట్ తెరిచి ఉన్నవాళ్లకి వేరే పేజీ నొక్కితే ఖాళీగా వస్తోంది.

నైట్‌షిఫ్ట్

పేజీల్ని లేజీగా (కోడ్ ముక్కలుగా, అవసరమైనప్పుడే) లోడ్ చేస్తున్నారు కదా. కోడ్ మారిన ముక్క పేరులోని హ్యాష్ (కోడ్‌ని బట్టి వచ్చే గుర్తు) బిల్డ్‌తో పాటే మారుతుంది. వాళ్ల బ్రౌజర్‌లో ఉన్న పాత కోడ్ పాత ముక్కనే అడుగుతుంది, కొత్త డిప్లాయ్ (ఎక్కింపు) దాన్ని తుడిచేసింది. వీట్ అప్పుడు "వీట్:ప్రీలోడ్ఎర్రర్" అనే ఈవెంట్ ఇస్తుంది. దాన్ని విండో మీద పట్టుకుని పేజీ రీలోడ్ చేయండి. సెషన్ స్టోరేజ్‌లో (ఆ ట్యాబ్ ఉన్నంతసేపు ఉండే బ్రౌజర్ నిల్వ) రీలోడ్ చేసిన సమయం రాసుకుని, నిమిషం లోపు రెండోసారి చేయకుండా ఆపండి. అలా ఆపకుంటే, ముక్క నిజంగానే లేనప్పుడు పేజీ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. గిట్‌హబ్ పేజెస్ ఇండెక్స్‌ని కూడా 10 నిమిషాలు క్యాష్‌లో ఉంచమంటుంది, ఆ హెడర్ (ఫైల్‌తో పాటు సర్వర్ పంపే సూచన) మార్చే వీలు లేదు. కాబట్టి ఎక్కించిన వెంటనే కొందరికి పాతదే కనబడితే కంగారుపడి మళ్లీ డిప్లాయ్ చేయకండి.