సమస్య: “చుక్క నడుగ నూరు చుట్టుముట్టె”

నిర్వాహకుడు (సత్యనారాయణపురం, విజయవాడ):
ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. పూరణ లినక్స్ టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) మీదే ఉండాలి.

పటమట సభ్యుడు:
చుక్క అంటే ఫైళ్ళ పేర్లకు బదులుగా రాసే * గుర్తు, ఊరంటే ఫోల్డరులోని ఫైళ్ళు. ఎకో అంటే ఇచ్చిన మాటలను తెరపై చూపే ఆదేశం, షెల్లు అంటే మనం టైపు చేసిన ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాం.

కోట్సు లేని చుక్కఁ గోరఁగా నే నెకో
తోడ, నున్న ఫైళ్ళు తొంగిచూచె;
షెల్లు ముందె చుక్కఁ జీల్చి పేరులఁ జేసె;
చుక్క నడుగ నూరు చుట్టుముట్టె.

నిర్వాహకుడు:
యతులు కుదిరాయి. మూడో పాదం నాకు బాగా నచ్చింది. చాలామంది ఫైళ్ళ పేర్లు వెతికేది ఎకోయే అనుకుంటారు. అసలు ఎకో దాకా చుక్క చేరనే చేరదు. షెల్లు ముందే దాన్ని పేర్లుగా మార్చేస్తుంది. ఎకో వాటి మధ్య ఒక్కో ఖాళీ పెట్టి, చివర కొత్త లైను వేసి చూపిస్తుంది, అంతే. చుక్కను కోట్స్‌లో పెడితే చుక్కే కనబడుతుంది. అయితే “చుక్క” మూడు పాదాల్లో వచ్చింది. “చీల్చి” కూడా సరిపోదు, షెల్లు చేసేది విప్పడం.

పటమట సభ్యుడు:
నిజమే మాస్టారూ. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:
విప్పి దాని షెల్లు పేర్లుగా నందించె;

నిర్వాహకుడు:
ఇప్పుడు పద్యం నిలబడింది.

బ్రాడీపేట సభ్యురాలు (గుంటూరు):
మిర్చి యార్డు ధరల పాత ఫైళ్ళు తీసేసేటప్పుడు, తుడిచే ఆదేశం ఆర్‌ఎమ్ ముందు ఎకో తగిలిస్తాను. ఏవి పోతాయో తెలుస్తుంది, ఒక్కటీ పోదు.

తుడుపు మాట ముందు తొడుగ నెకో మాట
పోవు ఫైళ్ళ పేర్లు పొల్లుపోక
కంటి యెదుట నిలిచెఁ, గాచె నన్నీ రోజు;
చుక్క నడుగ నూరు చుట్టుముట్టె.

పటమట సభ్యుడు:
అక్కయ్యా, పేరు ముందు డాట్ (.) ఉన్న ఫైళ్ళు మామూలుగా చుక్కకు అందవు. “పొల్లుపోక” అనవచ్చా?

బ్రాడీపేట సభ్యురాలు:
అదే చుక్క ఇస్తే ఆర్‌ఎమ్‌కూ అవి అందవు కదా తమ్ముడూ! నేనన్నది “పోవు ఫైళ్ళ” పేర్లే.

నిర్వాహకుడు:
అమ్మాయి మాటే సరైనది, ఆ పదం మార్చవద్దు. అభ్యంతరం వేరే ఉంది. “యార్డు రేట్లు” అని మధ్యలో ఖాళీ ఉన్న ఫైలు ఎకోలో రెండు ఫైళ్ళలా కనిపిస్తుంది. తుడిచే ముందు ఆ అనుమానం ఉండకూడదు. ఎకో లాంటి మరో ఆదేశం ప్రింట్‌ఎఫ్‌తో ఒక్కో పేరు ఒక్కో లైనులో వేయించుకోవచ్చు. కాకపోతే కొత్త లైను గుర్తు మనమే రాయాలి, అది తనంతట తాను వేయదు.

ఖాళీ ఫోల్డరులో చుక్క నడిగితే బాష్ అనే షెల్లు చుక్కనే తిరిగి చూపిస్తుంది. దాని మీద పూరణ ఇంకా రాలేదు. ఆదివారం దాకా గడువుంది.