అప్‌డేట్: చివరికి నాగోల్‌లో దిగాం

కాకినాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం, ఆఫీసు రాయదుర్గంలో, ఇల్లు కొండాపూర్‌లో చూడాలా మియాపూర్‌లోనా అని రెండు నెలల కిందట అడిగాను కదా. రెండూ కాదు, నాగోల్!

మియాపూర్‌లో మెట్రో ఉందిగా అన్నారు చాలామంది. ఉంది, కానీ అది ఎల్బీ నగర్ వెళ్లే లైను. రాయదుర్గానికి అమీర్‌పేటలో దిగి మారాలి. పొద్దున తొమ్మిదింటికి ఆ మెట్ల మీద జనాన్ని ఒక్కసారి చూశాక మా ఆవిడ "వద్దండీ" అనేసింది.

కొండాపూర్‌లో ఇల్లు నచ్చింది. అడ్వాన్సు ఇద్దామనుకుంటుండగా గేటు దగ్గర ట్యాంకర్ ఆగింది. వాచ్‌మన్ పైపు సంపులో పడేస్తూ, "రోజూ రెండు సార్, ఎండాకాలం నాలుగు" అన్నాడు. ఆ డబ్బు మెయింటెనెన్సులో కలుపుతారట. ఓనరు ఆ ముక్క చెప్పనేలేదు.

నాగోల్‌లో నేరుగా రాయదుర్గం వెళ్లే మెట్రో రైలు మొదలవుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది. దాదాపు గంట ప్రయాణం, మారే పని లేదు. కొండాపూర్‌లో చెప్పిన అద్దెకి ఇక్కడ ఇంకో బెడ్‌రూమ్ వచ్చింది. సాయంత్రం తిరుగు రైల్లో మాత్రం సికింద్రాబాద్ దాకా నిలబడాల్సిందే.

తార్నాక చూడమన్నవారికి థాంక్స్, అక్కడ మా బడ్జెట్‌లో ఖాళీ దొరకలేదు.