ఉండుండి ఆగే బండి, ఉన్నట్టుండి ఆగే బండి

ప్రశ్న (ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్): మెకానిక్ డీజిల్ ట్రేడ్ పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. పాత లారీలో పంపుకి కరెంటు సరిగ్గా అందక ఇంజను ఆగిపోవడం మీద ఒక పాఠం ఉంది. ‘బండి ఉండుండి ఆగిపోతుంటే మొదట సాలినాయిడ్ వైరు చూడాలి’ అని రాశాను. (సాలినాయిడ్ అంటే పంపులో డీజిల్ దారిని కరెంటుతో తెరిచే, మూసే మీట.) ప్రూఫు చూసినవారు ‘ఉండుండి’ కొట్టేసి ‘అప్పుడప్పుడు’ అని పెట్టారు. మాటల్లో సరే గానీ రాతలో చెల్లదట. రెండూ ఒకటేనా?

తెలుగు మాస్టారు: వారి అభ్యంతరం ఎక్కడిదో ఊహించగలను. క్త్వార్థకమైన ఇత్తుకు, అంటే ‘వచ్చి’, ‘ఉండి’ లాంటి మాటల చివరి ‘ఇ’కారానికి, సంధి లేదని చిన్నయసూరి సూత్రం. ఆ లెక్కన గ్రంథభాషలో ‘ఉండియుండి’ అనాలి. మరి ‘వచ్చెళ్ళాడు’ కూడా తప్పే! వాడుక భాషలో రాసే నోట్సుకి ఆ పట్టింపు అక్కర్లేదు. అర్థానికొస్తే రెండూ ఒకటి కావు. ‘అప్పుడప్పుడు’ ఎన్నిసార్లు అన్నదే చెబుతుంది. ‘ఉండుండి’లో మధ్యమధ్య బాగానే ఉందన్న సంగతి కూడా ఉంది. ‘ఉండుండి వాన పడుతోంది’ అంటే నడుమ తెరిపి ఇస్తోందనే కదా.

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ ఆటోనగర్: మా తలనొప్పంతా ఆ తెరిపితోనే మాస్టారూ. షెడ్డుకొచ్చేసరికి బండి శుభ్రంగా నడుస్తుంటుంది. డ్రైవరు చెప్పిన మాట తప్ప మా చేతిలో ఏమీ ఉండదు. అందుకే ‘ఉండుండి’ పక్కన ఇంకేం మాట వాడాడో చూస్తాను. ‘ఉన్నట్టుండి ఆగింది’ అంటే తాళం తిప్పేసినట్టు టక్కున ఆగిందని. అక్కడ ముందు కరెంటు దారి చూస్తాం. ‘కొట్టుకుని కొట్టుకుని ఆగింది’, ‘జావగారిపోయి ఆగింది’ అంటే డీజిల్ లైనులో గాలి పట్టిందో, ఫిల్టరు మూసుకుపోయిందో. అలాంటప్పుడు మీటరు పట్టుకుని వైర్ల వెంట తిరిగితే రోజంతా దండగ.

నోట్సులో ఇది స్పష్టంగా రాయండి సార్. పాత మైకో పంపు డీజిల్‌ని నెట్టేది ఇంజను బలంతో, కరెంటుతో కాదు. (మైకో కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది, మా షెడ్డుల్లో మాత్రం ఇంకా మైకోనే.) కరెంటు కావాల్సింది పంపు మీదున్న సాలినాయిడ్‌కి. రోటరీ పంపుల్లో (ఒకే రోటరు తిరుగుతూ అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచేవి) కరెంటు ఉన్నంతసేపే అది డీజిల్ దారి తెరిచి ఉంచుతుంది, అందకపోతే మూసేస్తుంది. తాళం తిప్పగానే ‘టిక్’ మని వినబడిందా లేదా, అది మొదటి పరీక్ష. కొన్ని ఇన్‌లైన్ పంపులకు (సిలిండరుకో ప్లంజరు చొప్పున వరసగా ఉండేవి) ఇది తలకిందులు, కరెంటు ఇస్తేనే ఇంజను ఆగుతుంది. బండి ఏ రకమో చూసుకోకుండా పిల్లల చేత వైరు పీకించకండి.

ఇక బల్బు ఉపాయం. సాలినాయిడ్‌కి వచ్చే వైరు నుంచి ఒక కొస, బ్యాటరీ మైనస్ నుంచి ఇంకో కొస లాగి, చిన్న బల్బు డ్రైవరు ఎదురుగా కట్టి బండిని రోడ్డెక్కిస్తాం. ఇంజనుతో పాటే బల్బు ఆరిందా, తప్పు సాలినాయిడ్‌కి ముందున్న దారిలో ఉంది: తాళం స్విచ్చి, ఫ్యూజు, రిలే, ఛాసిస్‌కి (బండి చట్రానికి) రాసుకుపోయిన వైరింగు. బల్బు వెలుగుతుండగానే ఇంజను ఆగిందా, సాలినాయిడో దాని ఎర్తో. అవీ బాగుంటే డీజిల్ వైపు.

మీటరు పెట్టి ‘24 వోల్టులు వస్తున్నాయి, వైరింగు ఓకే’ అని తేల్చేసేవాళ్ళున్నారు. కనెక్టర్ పీకి కొలిస్తే ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 24 చూపిస్తుంది! కనెక్టర్ తగిలించే ఉంచి, లోడు మీద కొలవాలి. బ్యాటరీ ప్లస్ నుంచి సాలినాయిడ్ టెర్మినల్ దాకా అర వోల్టు మించి పోతోందంటే ఆ దారిలో ఎక్కడో అతుకు చెడినట్టే.

సభ్యుడు, కరీంనగర్: మా దిక్కు ‘నడుమ నడుమ బంద్ పడుతుంది’ అంటరు. ‘ఉండుండి’ నేను నొప్పికే ఎక్కువ విన్నాను, ‘ఉండుండి గుంజుతుంది’ అని. ‘వేడెక్కినంక బంద్ పడుతుంది, సల్లబడ్డంక మల్ల స్టార్ట్ అయితది’ అనే మాట కూడా పాఠంలో పెట్టాలె సార్.

ఆటో ఎలక్ట్రీషియన్: తప్పకుండా పెట్టాలి అన్నా. అలా అంటే మేం ముందు సాలినాయిడ్ లోపలి కాయిల్‌ని (తీగ చుట్టని) అనుమానిస్తాం. లోపలి చుట్టు వేడికి విడిపోయి, చల్లారాక మళ్ళీ అతుక్కుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మీటరుతో ఓమ్స్ (నిరోధం) చూస్తే బాగానే కనిపిస్తుంది, ఆగిన వెంటనే వేడి మీదే చూడాలి. గుంటల్లో కుదుపుకి ఆగితే మాత్రం ముందు అతుకులు, ఎర్తు.

ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్: అయితే వాక్యం ఇలా మారుస్తున్నా: ‘బండి ఉండుండి, అదీ ఉన్నట్టుండి ఆగిపోతుంటే...’ ప్రూఫువారు ఏమంటారో చూడాలి. ఇంకో సందేహం. కనెక్టర్ పిన్నులకు పచ్చగా పట్టేదాన్ని ‘తుప్పు’ అని రాశాను, సరేనా?

తెలుగు మాస్టారు: తుప్పు ఇనుముకి. రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము, కొందరు కిలుము అంటారు.

ఆటో ఎలక్ట్రీషియన్: మేమైతే ‘పచ్చగా పట్టింది’ అనేస్తాం. చిలుము అని రాసినా పర్లేదు గానీ, దాన్ని ఉప్పుకాగితంతో రుద్దమని మాత్రం రాయకండి సార్. పిన్ను మీది పూత లేచిపోయి ఇంకా తొందరగా పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడవాలి, పిన్ను వదులైతే మార్చేయాలి.