బడి మైదానంలో జీపీఎస్ పాఠం డబ్బాల వేటగా మిగిలిపోకుండా ఎలా నడపాలి?

సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, సూర్యాపేట జిల్లా:

అందరికీ నమస్కారం. మా ఉన్నత పాఠశాల తొమ్మిదో తరగతిలో 38 మంది పిల్లలున్నారు. అక్షాంశాలు, రేఖాంశాలు గ్లోబు మీద చెబుతున్నంతసేపూ తలలూపుతారు గానీ, తాము నిలబడిన చోటుకు కూడా ఆ అంకెలు ఉంటాయన్న సంగతి వారికి పట్టడం లేదు. అందుకని పోయిన నెల ఒక శనివారం నలుగురు ఉపాధ్యాయుల ఫోన్లు తీసుకుని మైదానంలోకి దిగాను. ఐదు బిస్కెట్ డబ్బాలు దాచి, వాటి అక్షాంశ రేఖాంశాలను చీటీల మీద రాసి జట్లకు పంచాను. రెండు జట్లు ఫోను వైపు చూడకుండానే పొదలన్నీ గాలించి డబ్బాలు పట్టుకొచ్చాయి. మూడో జట్టు గేటు దాటి రోడ్డెక్కబోయింది. ఆపి అడిగితే, డబ్బా ఇంకా 11 కిలోమీటర్ల దూరంలో ఉందని ఫోను చెబుతోందన్నారు. నాలుగో జట్టు వేపచెట్టు కింద నిలబడి, ఫోనులోని చుక్క ఒకచోట నిలవడం లేదని ఫిర్యాదు చేసింది. పిల్లలకు ఆట నచ్చింది, పాఠం మాత్రం అందలేదు. దీన్ని సరిగ్గా నడిపినవారు ఎవరైనా ఉంటే దారి చూపగలరు.

గణిత ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా:

సార్, ఆ 11 కిలోమీటర్ల జట్టును అడ్డుపెట్టుకుని ఒక పీరియడ్ మొత్తం చెప్పవచ్చు. మీరు చీటీలో డిగ్రీలు, నిమిషాలు రాసి ఉంటారు, పిల్లలు దాన్ని దశాంశంగా ఎక్కించి ఉంటారు. 17 డిగ్రీల 15 నిమిషాలంటే 17.25, దాన్ని 17.15 అని కొడితే తేడా పదో వంతు డిగ్రీ. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి, వాళ్ల ఫోను అబద్ధమేమీ చెప్పలేదు. గంటకు అరవై నిమిషాలన్నట్టే డిగ్రీకీ అరవై అని చెబితే ఆరో తరగతి వాళ్లకు కూడా అర్థమవుతుంది.

ఇక డబ్బాలు మానేయండి. కంటికి కనిపించే వస్తువు ఉన్నంతవరకు ఫోను ఎవరికీ అక్కర్లేదు. నేను సోడా సీసా మూతను మట్టిలో నొక్కించి పైన మన్ను కప్పిస్తాను. ప్రహరీ మూల నుంచి దాని దూరాన్ని టేపుతో కొలిచి నా దగ్గర రాసుకుంటాను. మొదటి జట్టు అక్కడి అంకెలు రాసిస్తుంది, రెండో జట్టు ఆ అంకెలు పట్టుకుని వెళ్లి తమకు తోచిన చోట పుల్ల పాతుతుంది, ఆ తర్వాతే మూత తీసి రెండింటి మధ్య దూరం కొలుస్తాం. గెలుపోటములు ఉండవు గనుక జట్ల మధ్య పేచీలూ ఉండవు. ఆరుబయట అయితే ఆ దూరం సాధారణంగా కొద్ది మీటర్లే ఉంటుంది.

వేపచెట్టు జట్టుకు గ్రాఫు కాగితం ఇవ్వండి. దశాంశంలో ఐదో స్థానం మన ప్రాంతంలో అటూ ఇటూ దాదాపు ఒక మీటరే కాబట్టి, ఒక గడికి ఒక మీటరు చొప్పున చుక్కలు పెట్టించవచ్చు. ఒకే గుర్తు దగ్గర పది రీడింగులు తీయించండి, అయితే ప్రతిసారీ పది అడుగులు నడిచి వచ్చి నిలబడమనండి, ఎందుకంటే కదలకుండా ఉంటే కొన్ని ఫోన్లు పాత అంకెనే పట్టుకుని కూర్చుంటాయి.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నెల్లూరు జిల్లా:

మేడమ్ గారు చెప్పినదానికి ముందు, ఫోన్లు లేని ఒక పూట అవసరమని నా అభిప్రాయం. ఉపగ్రహం పైనుంచి మనల్ని చూస్తోందనే చాలామంది పిల్లలు అనుకుంటారు (పెద్దలు కూడా అనుకుంటారు). ఉపగ్రహం తన గడియారం ప్రకారం సమయాన్ని, తానున్న చోటును ప్రసారం చేస్తుంది; ఫోను వింటుందంతే, తిరిగి ఏమీ పంపదు. ఆ సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది.

మైదానంలో దూరదూరంగా మూడు మేకులు పాతి, నడుమ ఒక చోటును మీరు మనసులో అనుకుని, మేకుల నుంచి అక్కడికి సరిపడా మూడు తాళ్లు కత్తిరించండి. మేకులు ఉపగ్రహాలు, తాళ్లు ఫోను లెక్కగట్టిన దూరాలు అన్నమాట. ఒక తాడుతో ముగ్గుపిండి వలయం గీస్తే మనం దానిమీద ఎక్కడైనా ఉండవచ్చు, రెండు తాళ్లకు రెండు చోట్లు మిగులుతాయి, మూడో తాడుతో ఒక్క చోటే తేలుతుంది. ఆ తర్వాత, పిల్లలకు చెప్పకుండా, మూడింటికీ సమానంగా ఒక్కో మీటరు ఎక్కువ ఉన్న తాళ్లు ఇవ్వండి. వలయాలు ఒక బిందువు దగ్గర కలవవు, నడుమ ముక్కోణంలాంటి జాగా మిగిలిపోతుంది. తాళ్లన్నిటినీ ఒకే కొలతలో మడుస్తూ పోతే ఒక దశలో మూడూ కలుస్తాయి. ఫోను తన చౌక గడియారపు తప్పును సవరించుకునేది ఇలాగే. నేల మీద మూడు మేకులు చాలు. ఎత్తు కూడా తెలియాలి గనుక ఆకాశంలో నాలుగు ఉపగ్రహాలు కావాలి. గడియారం సెకనులో పది లక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుందని అప్పుడు చెబితే నమ్ముతారు.

జీపీఎస్ లాంటి మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కథ కూడా ఇక్కడే అతుకుతుంది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన మొదటి ఉపగ్రహంలోని మూడు అణు గడియారాలూ తర్వాత ఆగిపోయాయి, దాంతో అది ఆకాశంలో ఉండి కూడా స్థానం చెప్పే పనికి రాకుండా పోయింది. 2023 మే 29న పంపిన కొత్త నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో మనదేశంలో తయారైన రుబీడియం అణు గడియారం ఉంది.

సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, సూర్యాపేట జిల్లా:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొన్న శనివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు, తాళ్లతో మొదలుపెట్టాం. మూడు వలయాలు కలవనప్పుడు ఒక పిల్లవాడు మేకులు వదులయ్యాయని వాదించి, వాటిని మళ్లీ దిగ్గొట్టాడు. అయినా కలవకపోయేసరికి తాళ్లను పట్టి చూసి, మూడూ పొడుగేనని తనే కనిపెట్టాడు. గ్రాఫు కాగితంలో మైదానం నడుమ తీసిన చుక్కలు దగ్గరదగ్గరగా పడ్డాయి, రెండంతస్తుల భవనం గోడ పక్కన తీసినవి మాత్రం చెదిరిపోయాయి. గోడకు తగిలి తిరిగొచ్చిన సంకేతం ఎక్కువ దూరం ప్రయాణిస్తుందని నేను చెప్పబోతుంటే, వెనక నుంచి ఒక అమ్మాయి "అంటే తాడు పొడుగైనట్టే కదా సార్" అంది. అయితే ఈసారి మూడు తాళ్లలో ఒక్కటే పొడుగైతే మడిచి సరిచేయడం ఎలాగని తనే తిరిగి అడిగింది. ఆ ప్రశ్నకు పిల్లలకు అర్థమయ్యేలా మైదానంలో ఏం చేసి చూపించవచ్చో భౌతికశాస్త్రం సార్ చెప్పగలరు.