డిబేట్ టైమర్‌లో ఆరో నిమిషపు గంట మోగడం ఆలస్యమవుతోంది

మా కళాశాలలో బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో జరిపే డిబేట్‌లకు, ఒక్కో వక్తకు ఇచ్చే 7 నిమిషాల్లో 1, 6, 7 నిమిషాల వద్ద గంట మోగేలా, విండోస్ ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ద్వారా ఒక టైమర్ పేజీని వాడుతున్నాము. ప్రొజెక్టర్ మీద చర్చాంశం కనిపించాలి కాబట్టి టైమర్ ట్యాబ్ వెనక ఉండిపోతుంది. అప్పుడు మొదటి గంట సరిగ్గానే మోగుతుంది గానీ, ఆరో నిమిషపు గంట ఒక్కోసారి 40 సెకన్ల దాకా ఆలస్యమవుతోంది. దాంతో ప్రశ్నలు అడగకూడని చివరి నిమిషంలో కూడా ఎదుటి పక్షంవారు చెయ్యెత్తి లేచి నిలబడుతున్నారు. బ్యాటరీ సేవర్ ఆపేశాను, స్క్రీన్ ఆరిపోకుండా సెట్ చేశాను, మరో ల్యాప్‌టాప్‌లోనూ ప్రయత్నించాను, మార్పు లేదు. టైమర్ ట్యాబ్ ఎదురుగా ఉంటే మాత్రం సెకను కూడా తేడా రావడం లేదు. ఫోన్‌లో పెడదామంటే ఆ శబ్దం వెనక వరుసలకు చేరదు. ట్యాబ్ వెనక ఉన్నా గంట సమయానికే మోగాలంటే క్రోమ్‌లో ఏ సెట్టింగ్ మార్చాలి?